పంటి వేరు కథ – మస్కటు తీరం నుంచి

ఈ ఏడాది ఉగాది సమావేశంలో భోజనాల వేళ ఒక చిన్న సంఘటన జరిగింది. విస్తళ్ళలో పులిహోర, గారెలు వడ్డిస్తున్నారు. మా సభ్యులలో ఒకరు మాత్రం ఎడమ దవడకు చెయ్యి ఆనించుకుని వట్టి మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. ఏమిటండీ అని అడిగితే, "పన్నండీ. సంక్రాంతి నుంచీ సలుపుతోంది. జూన్‌లో పిల్లలకు సెలవులు ఇస్తారు గదా, అప్పుడు విజయవాడలో చూపించుకుంటాను" అన్నారు. పక్కనున్న పెద్దాయన వెంటనే, "రూట్ కెనాలంటారు, నాలుగుసార్లు తిప్పుతారు. ఎందుకొచ్చిన తంటా? పీకించి పారెయ్యి నాయనా, ఒక్క పూటతో పోతుంది" అని తీర్పు చెప్పారు. ఇంతలో వంటల దగ్గరున్న వదినగారొకరు ఏమీ మాట్లాడకుండా రెండు లవంగాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

వాయిదా, పీకుడు, లవంగం. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, మనిషి తన పంటి నొప్పితో కొన్ని వేల ఏళ్ళుగా చేస్తున్న వ్యవహారమంతా ఈ మూడింటిలోనే ఉందని తోచింది. నాలుగోది, అంటే పన్నును పీకకుండా దాని వేరును శుభ్రం చేసి నిలబెట్టుకోవడం, నిన్న మొన్న వచ్చింది. ఆ నాలుగోదాని చరిత్రలో మనం కాపురమున్న ఈ ఒమాన్‌కు మనం అనుకునేదానికంటే ఎక్కువ చోటే ఉంది. అందుకే ఈ వ్యాసం.

సెలవు సాయంత్రాలు పిల్లలతో మనం షికారుకు వెళ్ళే ఖురుం తీరాన్ని ఆనుకుని రాస్ అల్ హమ్రా అనే కొండకొమ్ము ఉంది. క్రీస్తుకు పూర్వం అయిదు, నాలుగు సహస్రాబ్దుల నాటి జాలరులు అక్కడ తమవారిని పూడ్చిపెట్టారు. ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ సమాధులను తవ్వి తీశారు. సముద్రపు తాబేలు ఎముకలను శవంతోపాటు పెట్టడం వారి ఆచారం. వారి పళ్ళను పరిశీలించి 1989లో ఒక శాస్త్రపత్రిక వ్యాసం ప్రకటించింది. ఆ పళ్ళు బాగా అరిగిపోయాయి. చేపతోపాటు ఇసుక కూడా నోట్లో పడే బతుకు కాబట్టి అరగడంలో వింత లేదు. పుచ్చు మాత్రం దాదాపు లేదు.

ఇక్కడినుంచి లోపలికి, షర్ఖియా ప్రాంతంలోని సమద్ అనే ఒయాసిస్సుకు పోదాం. జర్మన్ బృందం అక్కడ తవ్విన సమాధులు ఇనుప యుగానివి, సుమారు రెండు వేల ఏళ్ళ నాటివి. ఆ పళ్ళ మీద నెల్సన్, లూకాక్స్, యూల్ అనే ముగ్గురు రాసిన వ్యాసం 1999లో వచ్చింది. శీర్షికలోనే విషయమంతా ఉంది: ఖర్జూరాలు, పుచ్చు, చిన్న వయసులోనే పళ్ళు ఊడిపోవడం. ఇక్కడి జనం నోళ్ళు పుచ్చుతో నిండిపోయాయి. బతికుండగానే పళ్ళు పోయినవారు మెండు. పన్ను ఊడిన చోట దవడ ఎముక పూడుకుపోయి ఉంటుంది కాబట్టి, ఆ పన్ను చావుకు ముందు పోయిందో తరువాత పోయిందో నిపుణులు తేల్చగలరు. సముద్రం ఒడ్డున చేప తిన్నవాడి పన్ను అరిగింది. తోటలో ఖర్జూరం తిన్నవాడి పన్ను పుచ్చింది. ఖర్జూరం తీపి మాత్రమే కాదు, జిగురు కూడా. పంటి గాడిలో అతుక్కుని గంటలకొద్దీ అక్కడే ఉంటుంది. ఒమానీ ఇంటికి వెళ్ళి కహ్వాతో పాటు పళ్ళెంలో వచ్చిన ఖర్జూరాన్ని కాదనడం మర్యాద కాదు, మేమెన్నడూ కాదనలేదు కూడా. ఆ మర్యాద ఖరీదు ఎంతో తరువాత చెబుతాం.

పుచ్చుకు కారణం పురుగు అని లోకమంతా నమ్మింది. ఈ నమ్మకం ఎంత విశాలమైనదో భాషలే చెబుతాయి. సుశ్రుతుడు పంటి జబ్బులను లెక్కపెడుతూ ఒకదానికి కృమిదంతకం అని పేరు పెట్టాడు. మన పల్లెల్లో ఇప్పటికీ పంట్లో పురుగు పడిందంటారు. ఇక్కడి మన ఒమానీ సహోద్యోగిని అడిగి చూడండి. పన్ను పుచ్చడానికి అరబ్బీలో తసవ్వుస్ అంటారు. అది సూస్ అనే మాట నుంచి వచ్చింది. ధాన్యాన్నీ, చెక్కనూ తొలిచే పురుగే సూస్. ఇంకా వెనక్కి పోతే, బాబిలోనియా మట్టిపలకల మీద ఒక పురుగు కథ ఉంది. ఆ పురుగు దేవుడిని వేడుకుని పంటికీ చిగురుకూ మధ్య తనకు నివాసం అడిగిందట. గోదావరి ఒడ్డునా, యూఫ్రటిస్ ఒడ్డునా, సమద్ ఖర్జూర తోటల్లోనా మనుషులు ఒకే పురుగును ఊహించుకున్నారు. నిజానికి పుచ్చిన పన్నును పగలగొట్టి చూస్తే లోపల తెల్లగా, మెత్తగా, సన్నటి దారంలాంటిది కనబడుతుంది. దాన్ని చూసి పురుగనుకోవడంలో మూర్ఖత్వమేమీ లేదు. అది పంటి లోపలి గుజ్జు. మన వాడుకలో నరం.

పురుగును చంపాలని ఎంత సాహసం చేశారో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. నెగెవ్ ఎడారిలో దొరికిన, క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి ఒక నబతీయుడి పుర్రెలో, ముందు పంటి వేరు కాలువలో సన్నటి కంచు తీగ ఇరుక్కుని ఉంది. వేరులో దేన్నైనా నింపినట్టు మనకు తెలిసిన దాఖలాల్లో అది అతి పాతదని చెబుతారు. ఇంకా ముందు, మక్రాన్ తీరానికి ఎగువన బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ళ కిందటి తొమ్మిదిమంది నోళ్ళలో పదకొండు దవడ పళ్ళకు చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలున్నాయి. పూసలకు బెజ్జాలు వేసే చేతివాటమే పంటి మీదా పనిచేసిందని పరిశోధకుల అభిప్రాయం. రంధ్రం అంచులు అరిగి ఉన్నాయి కాబట్టి, ఆ మనుషులు తరువాత కూడా ఆ పళ్ళతోనే నమిలి బతికారు. మత్తుమందు లేకుండా! పుణ్యాత్ములు.

పురుగు లేదని గట్టిగా చెప్పినవాడు పారిస్ దంతవైద్యుడు పియేర్ ఫోషార్. 1728లో అచ్చయిన ఆయన గ్రంథం ఆధునిక దంతవైద్యానికి పునాది. సూక్ష్మదర్శినిలో వెతికినా పురుగు కనబడలేదని ఆయన రాశాడు. పంటి గుజ్జును సన్నటి సూదితో తీసి పన్నును నిలబెట్టే పద్ధతినీ వర్ణించాడు. పురుగు లేకపోతే మరి ఎవరు చేసిన పని ఇది? జవాబు రావడానికి నూట అరవై ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ మిల్లర్ 1890లో నోటిలోని సూక్ష్మజీవుల మీద పుస్తకం తెచ్చాడు. 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ చేసిన ప్రయోగంతో సందేహం పూర్తిగా తీరింది. సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్ళకు రంధ్రం చేసి గుజ్జును బయటపెడితే, ఆ గుజ్జు చావలేదు, తనే మానిపోయింది. మామూలు ఎలుకల్లో అదే గుజ్జు కుళ్ళిపోయింది. అంటే పన్నుకు రంధ్రం పడటం కాదు శత్రువు, ఆ రంధ్రం గుండా లోపలికి వచ్చేది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాం; వ్యాసం చివర దీనితో పని ఉంది.

ఇప్పుడు వదినగారి లవంగం దగ్గరకు వద్దాం. లవంగ నూనెలో ఉండే యూజినాల్ అనే పదార్థం నరాన్ని కాస్త మొద్దుబారుస్తుంది, క్రిములను అణుస్తుంది. దీన్ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపితే గట్టిపడే ముద్ద వస్తుంది. తాత్కాలికంగా రంధ్రం మూయడానికీ, వేరు కాలువ నింపడానికీ దంతవైద్యులు ఎంతో కాలంగా వాడుతున్న వస్తువిది. ఏ పళ్ళ డాక్టరు గదిలో అడుగు పెట్టినా ముక్కుకు తగిలే ఆ వాసన లవంగానిదే. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ లవంగం వ్యాపారం ఎక్కడిది? జాంజిబార్‌ది. జాంజిబార్ ఎవరిది? మస్కటు సుల్తానుది. 1806 నుంచి 1856 దాకా ఏలిన సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ లవంగ తోటలను పెద్దయెత్తున నాటించాడు. 1840 నాటికి తన దర్బారునే మస్కటు నుంచి అక్కడికి మార్చుకున్నాడు. ఆ తోటల్లో మొగ్గలు కోసినవారు ఆఫ్రికా లోపలి నుంచి పట్టి తెచ్చిన బానిసలు. బానిసత్వం అక్కడ చట్టప్రకారం రద్దయింది 1897లో. మన అమ్మమ్మల పోపుల డబ్బాల్లో, పుచ్చు పళ్ళ మీద ఆ తోటల లవంగాలు ఎన్ని చేరాయో ఎవరు లెక్క చెప్పగలరు?

లవంగం నొప్పిని మరిపిస్తుందే తప్ప జబ్బును తీయదు. జబ్బు ఉన్న చోటు ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. పైన పింగాణిలాంటి ఎనామిల్, దాని కింద డెంటిన్, నడిమధ్యన చిన్న గది. ఆ గదిలో గుజ్జు ఉంటుంది. గది నుంచి వేరు కొస దాకా వెంట్రుకలాంటి కాలువలు దిగుతాయి. కింది దవడ పంటికి సాధారణంగా మూడు కాలువలు. పై దవడ పంటికి చాలామందిలో నాలుగు. ఆ నాలుగోదాన్ని వెతికి పట్టుకోలేక పాడుచేసిన పళ్ళు ఎన్నో. అదీగాక ఇవి బావిలాగా నిటారుగా ఉండవు, వంకలు తిరిగి ఉంటాయి. వంకర తిరిగిన ఆ సందులో ఏ పనిముట్టు పోతుంది?

వాషింగ్టన్ నగరంలో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే ఆయన 1838లో గడియారం స్ప్రింగును అరగదీసి ఆ పనిముట్టు చేసుకున్నాడు. వంగుతుంది, విరగదు, సన్నగా ఉంటుంది. ఇప్పటి డాక్టరుగారు మన నోట్లో తిప్పే ఫైళ్ళకు అదే మూలపురుషుడు. 1958లో ఇంగిల్, లెవిన్ అనేవారు ఈ ఫైళ్ళకు ఒక కొలమానం ఉండాలని ప్రతిపాదించారు. అంతదాకా ఒక కంపెనీ సూది ఇంకో కంపెనీ సూదికి సరిపోయేది కాదు. 1988 నుంచి నికెల్, టైటానియం కలిసిన లోహంతో ఇంకా మెత్తగా వంగే ఫైళ్ళు వచ్చాయి.

కాలువ శుభ్రం చేశాక దాన్ని దేనితో నింపాలి? బంగారం, సీసం, చెక్క, అన్నీ ప్రయత్నించారు. చివరకు నిలిచింది గట్టాపెర్చా. మలయా అడవుల్లో పెరిగే ఒక చెట్టు పాలు ఇది. రబ్బరుకు దాయాది. వేడినీళ్ళలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఒంటికి పడుతుంది. 1843లో సింగపూరులోని విలియం మాంట్‌గోమరీ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు నమూనాలు ఇంగ్లండుకు పంపాడు. అక్కడ దాని గుణం ఇంకొకటి బయటపడింది. ఉప్పునీటిలో ఏళ్ళ తరబడి ఉన్నా చెడదు, విద్యుత్తును బయటికి పోనివ్వదు. ఇంకేం, సముద్రం అడుగున వేసే తంతి తీగలకు తొడుగు దొరికింది.

ఈ తొడుగు ఒమాన్‌కు వచ్చిన కథ వినదగ్గది. 1857 తిరుగుబాటు తరువాత లండనుకు ఇండియా వార్తలు వారాల తరబడి ఆగకుండా చేరాలని బ్రిటిష్ ప్రభుత్వానికి ఆత్రం పట్టుకుంది. 1859, 60 సంవత్సరాల్లో ఎర్రసముద్రం మీదుగా, ఏడెన్, హల్లానియాత్ దీవులు, మస్కటు తాకుతూ కరాచీకి ఒక కేబులు వేశారు. అది త్వరలోనే మూగబోయింది. అప్పుడు దారి మార్చి, 1864లో పాట్రిక్ స్టూవర్ట్ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో గ్వాదర్ నుంచి ముసందం మీదుగా బుషైర్‌కూ, అక్కడినుంచి ఫావ్‌కూ గట్టాపెర్చా తొడిగిన కేబులు దించారు. గ్వాదర్ అప్పట్లో ఒమాన్‌దే. 1958 దాకా ఒమాన్‌దే. ముసందంలో కొండల నడుమ లోపలికి చొచ్చుకొచ్చిన ఖోర్‌లోని ఒక చిన్న రాతి తిప్ప మీద తంతి ఆఫీసు పెట్టారు. ఖసబ్ వెళ్ళి పడవ ఎక్కినవారికి సరంగు ఇప్పటికీ చూపించే టెలిగ్రాఫ్ ఐలండ్ అదే. ఎండకు మాడిపోతూ అక్కడ కూర్చున్న ఉద్యోగులను ఆ దశకం ముగిసేలోపే వేరే చోటికి తరలించారు. గోడల పునాదులు మిగిలాయి.

ఆ 1864లోనే న్యూయార్కులో బార్నమ్ అనే దంతవైద్యుడు పని చేస్తున్న పన్ను లాలాజలంలో తడవకుండా చుట్టూ పల్చటి రబ్బరు పొర తొడిగే ఉపాయం కనిపెట్టాడు. మూడేళ్ళకు, 1867లో, బౌమన్ అనే ఇంకో అమెరికన్ గట్టాపెర్చా పుల్లలతో వేరు కాలువలు నింపసాగాడు. సముద్రం అడుగున కేబుల్ లోపలికి ఉప్పునీరు రానివ్వని వస్తువే పంటి వేరులోకి క్రిములను రానివ్వకుండా మూయడానికి పనికివచ్చింది. సముద్రపు కేబుళ్ళకు పాలిథీన్ వచ్చి గట్టాపెర్చా పనిపోయింది. పంటి విషయంలో మాత్రం నేటికీ దానిదే రాజ్యం. చెట్లను నరికి పాలు తీయడంతో మలయా అడవులు అప్పుడే చాలా నష్టపోయాయని కూడా చెప్పుకోవాలి.

తక్కినవి తొందరగా చెబుతాం. మొద్దుబరచే మందు 1884లో కొకెయిన్‌తో మొదలై, 1905లో నోవొకెయిన్, 1943లో స్వీడన్‌లో తయారైన లిడొకెయిన్ దాకా వచ్చింది. కాలువను కడిగే ద్రవం మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ప్రాంతంలో డేకిన్ గాయాలు కడగడానికి సిద్ధం చేసినదానికి చుట్టం. సులువుగా చెప్పాలంటే, మన స్నానాలగదిలోని క్లోరాక్స్ వంశానిది. ఎక్స్‌రే 1895లో పుట్టింది. మరుసటి సంవత్సరమే న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ దాన్ని పంటికి ఉపయోగించాడు. వేరు ఎంత లోతుందో చూసి పనిచేయడం ఆయనతోనే మొదలైంది. పిల్మును చేత్తో పట్టుకుని తీసినందుకు ఆ కిరణాలే ఆయన వేళ్ళనూ, తరువాత చేతినీ తినేశాయి. ఎన్నో శస్త్రచికిత్సల తరువాత 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఈనాడు ఎక్స్‌రే తీస్తూ మన మెడకు సీసపు పట్టా వేసే నర్సు మీద విసుక్కునేవారు కెల్స్‌ను ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇంతా అయ్యాక ఇక పీకుడుకు కాలం చెల్లిందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. 1910లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు ప్రసంగించాడు. నోటిలో దాగిన చీము వల్లే కీళ్ళు, గుండె, కడుపు జబ్బులు వస్తున్నాయని దంతవైద్యుల మీద విరుచుకుపడ్డాడు. అందులో ఒక పాలు నిజముంది, అందుకే అది ప్రమాదకరమైంది. ఆపైన ఒక తరం పాటు అమెరికా, ఇంగ్లండులలో అనుమానం వచ్చిన ప్రతి పన్నూ పీకారు. న్యూజెర్సీలో ట్రెంటన్ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్ పిచ్చి కుదురుతుందని రోగుల పళ్ళన్నీ తీయించాడు. వేరువైద్యం చేసేవారు తలదించుకు తిరిగిన రోజులవి. లూయిస్ గ్రాస్‌మన్ 1940లో దాని మీద పాఠ్యగ్రంథం రాశాక, 1943లో వారికంటూ ఒక సంఘం ఏర్పడ్డాక, పరిశోధనలు నిలకడగా సాగాక, 1963లో అమెరికా దంతవైద్య సంఘం దాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. మా పెద్దాయన ఉగాదినాడు ఇచ్చిన సలహాకు, ఆయనకు తెలియకపోయినా, హంటర్ తాతగారి ఆశీర్వాదం ఉంది.

మన దేశంలో పీకుడుకు కారణం వేరు. సిద్ధాంతం కాదు, డాక్టరు లేకపోవడం. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టింది 1920లో. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో. మా తాతగార్ల తరంలో యాభై దాటినవారి నోళ్ళు ఎందుకు బోసిపోయి ఉండేవో ఈ తేదీలు చెబుతాయి.

ఒమాన్ సంగతి ఇంకా కఠినం. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి దేశంలో మూడు పాఠశాలలు, పది కిలోమీటర్ల తారురోడ్డు ఉండేవని ఇక్కడ అందరూ చెప్పుకునే మాట. రాత్రి మస్కటు కోట తలుపులు మూసేవారు. లాంతరు లేకుండా వీధిలో నడవకూడదు. అప్పటిదాకా చలామణీలో ఉన్నది మన రూపాయికి తమ్ముడైన గల్ఫ్ రూపాయి. ఆధునిక వైద్యమంటే అమెరికన్ మిషన్ ఆస్పత్రులే. మత్రాలో ఆ పని మొదలుపెట్టినవారిలో ఒకరైన డాక్టర్ షారన్ థామ్స్ 1913లో టెలిఫోను తీగ కడుతూ స్తంభం మీదినుంచి పడి చనిపోయాడు. ఆయన కొడుకు వెల్స్ థామ్స్ 1939లో వచ్చి 1970 దాకా అక్కడే వైద్యం చేశాడు. మలేరియా, కంటి జబ్బులు, కాన్పులు, గాయాలు ముంచెత్తే చోట పంటి వేరుకు తీరిక ఎక్కడ? పల్లెల్లో నొప్పికి కాల్చిన ఇనుముతో వాత పెట్టేవారు. మన పల్లెల్లోనూ వాతలు తెలియనివి కావు. పళ్ళ శుభ్రతకు మాత్రం వారికి మిస్వాక్ పుల్ల ఉంది, మనకు వేపపుల్ల ఉన్నట్టు. ఆ విషయంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

తరువాత జరిగింది మనలో పాతవారు కళ్ళారా చూసిందే. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం, 1987లో రాయల్ హాస్పిటల్, 2006లో ఒమాన్ డెంటల్ కాలేజీ. అరవైఏళ్ళలోపే వాత నుంచి మైక్రోస్కోపు దాకా వచ్చిన దేశమిది. ప్రభుత్వాస్పత్రులు ప్రధానంగా ఒమానీ పౌరులకు. మనబోటి వారికి రువీలోనూ, ఘుబ్రాలోనూ, దుకాణాల పైఅంతస్తుల్లో ఉండే ప్రైవేటు క్లినిక్కులే దిక్కు. చాలామంది కంపెనీ బీమాల్లో పళ్ళ పద్దు ఉండదు. దాంతో మన ఇళ్ళలో ఒక అలవాటు పాతుకుపోయింది. జ్వరమొస్తే మస్కటు డాక్టరు, పన్నుకు మాత్రం ఇండియా డాక్టరు. కాపురం ఇక్కడ, పళ్ళు అక్కడ.

మా సంగతే చెబుతాం, ఇంకొకరిని అనడమెందుకు. కొన్నేళ్ళ కిందట మా దవడ పన్ను ఒకటి ఇలాగే సలిపింది. ఆరునెలలు లవంగంతోనూ, నొప్పిమాత్రలతోనూ నెట్టుకొచ్చాం. విమానం పైకి లేస్తుంటే ఆ పన్ను పేలిపోతుందేమో అన్నంత నొప్పి వచ్చింది; గాలి ఒత్తిడి తగ్గినప్పుడు చెడిన పన్ను అలా చేస్తుందని తరువాత తెలిసింది. ఊళ్ళో డాక్టరుగారు మంచివారే. కాలువలు శుభ్రం చేసి, మందు పెట్టి, తాత్కాలిక సిమెంటు వేసి, "వారం తరువాత రండి, నింపి క్యాపు వేద్దాం" అన్నారు. ఆ వారంలో మేనకోడలి పెళ్ళి, తిరుపతి ప్రయాణం, బ్యాంకు పనులు. నొప్పి లేదు కదా అని విమానమెక్కి వచ్చేశాం. నొప్పి లేకపోవడం జబ్బు పోవడం కాదని అప్పుడు తెలియదు. పైన చెప్పిన ఎలుకల ప్రయోగం గుర్తుందా? తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకు అంచుల దగ్గర కరుగుతుంది. దాని పక్కనుంచి సూక్ష్మజీవులు మళ్ళీ లోపలికి దిగాయి. క్యాపు లేని పన్ను పెళుసు. పది నెలల తరువాత ఒక ఒమానీ మిత్రుడి ఇంట్లో ఖర్జూరం కొరికితే గింజ తగిలి పన్ను నిలువునా రెండుగా చీలింది. మర్యాద ఖరీదు అన్నది ఇదే. అలా చీలిన పన్నుకు ఏ వైద్యమూ లేదు, పీకించుకున్నాం. ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది.

ఇక్కడ మేము కనుగొన్నది ఒక్కటే. వేరువైద్యం ఒక వస్తువు కాదు, కొనుక్కుని పెట్టెలో పెట్టి తెచ్చుకోవడానికి. అది ఒక మనిషి దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. చరిత్రలో గడియారం స్ప్రింగు, మలయా చెట్టుపాలు, ఎక్స్‌రే ఎంత ముఖ్యమో, ఆ రెండో మంగళవారం, మూడో మంగళవారం కూడా అంతే ముఖ్యం. పన్ను ఎక్కడ నములుతోందో డాక్టరు అక్కడ ఉండాలి. ఖర్చు సంగతి నిజమే, రియాళ్ళను రూపాయల్లోకి మార్చి చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ సగం పని రెండుసార్లు చేయించి, ఆపైన పీకించి, కట్టుడు పన్ను పెట్టించుకున్న లెక్క మేము వేసి చూశాం. ఏది చవకో ఆ లెక్కే చెప్పింది. కొందరికి నిజంగానే వేరే దారి ఉండదు. అలాంటివారు నెలరోజుల సెలవులో మొదటి రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళి, చివరి సందర్శన తేదీ రాయించుకుని, తిరుపతిని దాని తరువాత పెట్టుకోవాలి.

మజ్జిగ తాగిన మా సభ్యుడిని ఆ మర్నాడే రువీలో భార్యాభర్తలు నడిపే ఒక చిన్న క్లినిక్కుకు వెంటబెట్టుకుని వెళ్ళాం. మన ప్రాంతంవారే. ఆయన పెద్దవాళ్ళకు, ఆవిడ పిల్లలకు చూస్తారు. వెయిటింగ్ గదిలో ఒక బెలూచీ కుటుంబం, ఇద్దరు మలయాళీ నర్సులు, యూనిఫాంలో ఉన్న ఇండియన్ స్కూలు పిల్లవాడు. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ ఇక్కడే చూపించుకునే ఇళ్ళు ఉన్నాయని ఆవిడ చెప్పారు. వారి దగ్గర చీటీల బీరువాలో ఒక్కో కుటుంబానికి ఒక్కో దస్త్రం ఉంది.

"ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగారు డాక్టరుగారు.

"సంక్రాంతి నుంచి."

"ఇంకా నయం, పోయిన సంక్రాంతి అనలేదు" అని నవ్వి, రబ్బరు పొర తొడిగారు.

మూడు మంగళవారాలు పట్టింది. నాలుగో కాలువ దొరికింది. భూతద్దంలో అరగంట వెతికారు. చివరి రోజు ఎక్స్‌రే తెరమీద చూపించారు. బూడిదరంగు పంట్లో నాలుగు తెల్లటి గీతలు వేరు కొసల దాకా దిగి ఉన్నాయి. అదేమిటని ఆయన అడిగితే గట్టాపెర్చా అన్నారు డాక్టరుగారు. ముసందం కేబులు సంగతి మేము అక్కడే చెప్పబోయాం గానీ, నోరు మొద్దుబారి ఉన్న మనిషికి చరిత్ర చెప్పడం న్యాయం కాదని మానుకున్నాం. క్యాపు కూడా పడింది. జూన్ టిక్కెట్లు ఆయన ముందే కొనేశారట. విజయవాడలో ఈసారి పని చివరి కోత మామిడిపళ్ళు తినడమేనని వారి శ్రీమతి చెప్పారు.